దారిలో తగవు వద్దు

ధ్యాన భాగములు: ఆదికాండము 45:16-28, లూకా 2:1-7



డిసెంబరు నెల వచ్చినదంటే మన సంఘములలో సగము మంది దారిలోనే ఉందురు. బెంగళూరు, హోసూరు, చెన్నై, హైదరాబాదు పట్టణములలో స్థిరపడినవారు కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఉన్న అమ్మానాన్నల యొద్దకు వచ్చుచుందురు. అమ్మానాన్నలను తమ యొద్దకు తెచ్చుకొన్నవారు వారిని వెంటబెట్టుకొని అన్న యింటికో అక్క యింటికో బయలుదేరుదురు. రైలు టిక్కెట్టు దొరకనివారు బండి మాట్లాడుకొందురు. అందుచేత ఈ నెల ధ్యానమునకు దేవదూతల పాటను గాని జ్ఞానుల నక్షత్రమును గాని తీసికొనక, కదలబోవు బండ్ల యొద్ద ఒక మనుష్యుడు చెప్పిన చిన్న మాటను తీసికొన్నాము.

ఆ మాట యోసేపుది. మరియమ్మ భర్తయైన యోసేపు కాదు, యాకోబు కుమారుడైన యోసేపు. ఐగుప్తులో తన్ను తాను అన్నలకు తెలియజేసికొని, వారిని ముద్దుపెట్టుకొని ఏడ్చి, తండ్రిని తెచ్చుటకై వారిని కనానుకు తిరిగి పంపుచున్నాడు. ఫరో ఆజ్ఞ చొప్పున బండ్లు ఇచ్చెను. దారి బత్తెము ఇచ్చెను. బట్టలు ఇచ్చెను. తండ్రికని ఇరువది గాడిదలమీద సామాను పంపెను. అంతయు అయిన తరువాత, వారు కదలబోవు సమయమున, దారిలో ఒకరితో ఒకరు తగవు పడవద్దని చెప్పెను.

మనమైతే ఏమి చెప్పుదుము? జాగ్రత్తగా వెళ్ళండి, రాత్రి ప్రయాణము వద్దు, చేరగానే ఫోను చేయండి అందుము. వారి దారి ఎడారి దారి. కాలము కరవు కాలము. గాడిదలమీద ధాన్యము, రొట్టెలు ఉన్నవి గనుక దొంగల భయమును ఉండవలెను. యోసేపు వాటిలో దేనిని గూర్చియు ఒక్క హెచ్చరికయైనను చేసినట్లు వ్రాయబడలేదు. అతనికి తన అన్నల సంగతి తెలుసు.

దేనిని గూర్చి తగవు? కొంచెము వెనుకకు తిప్పి 42వ అధ్యాయము చూడుడి. తమకు కష్టము రాగానే రూబేను, నేను ఆనాడే చెప్పలేదా, మీరు విన్నారా అని మిగిలినవారిమీద విరుచుకుపడెను. యోసేపును అమ్ముదమన్న ఆలోచన యూదాది. ఇరువది తులముల వెండి అందరి చేతిలోను పడినది. అంగీని రక్తములో ముంచి తండ్రికి చూపి ఇరువది రెండేండ్లు గడచినవి. ఇప్పుడు ఇల్లు చేరగానే ముసలి తండ్రితో యోసేపు బ్రదికియున్నాడని చెప్పవలెను. చెప్పినయెడల, మరి ఆ రక్తము ఎవరిదిరా అని ఆయన అడుగడా? ఎవరు మొదట నోరు విప్పవలెను? ఆలోచన ఎవరిది, ఊరకున్నది ఎవరు, వెండి పంచినది ఎవరు? ఇన్ని దినముల దారిలో మాట్లాడుకొనుటకు ఇంతకంటె వేరే సంగతి వారికి లేదు.

దానికి తోడు ఇంకొకటి ఉన్నది. అందరికి బట్టలిచ్చిన యోసేపు, బెన్యామీనుకు మాత్రము ఐదు జతలును మూడు వందల తులముల వెండియు ఇచ్చెను. చిన్న కుమారునికి రంగుల అంగీ కుట్టించి తండ్రి చేసిన పనినే యోసేపు మరల చేసెనేమో అని మాకు అప్పుడప్పుడు అనిపించును. పండితులు దీనికి అన్నలను పరీక్షించుటకని అర్థము చెప్పుదురు. కావచ్చును. ఏమైనను ఒక బండిలో పదునొకండుగురు అన్నదమ్ములు, వారిలో ఒకని సంచి మాత్రము బరువు. అట్టి బండిని మనలో చూడనివారు లేరు.

ఈ వచనమును మేము ఎన్నోసార్లు చదివినాము, దీనిమీద ప్రసంగము కూడ చేసినాము. అయితే 2021 డిసెంబరు 23వ తేదీ రాత్రి, చిత్తూరు దాటిన తరువాత మొగిలి ఘాటులో ఆగిపోయిన బండిలో కూర్చున్నప్పుడే అది మాకు అర్థమైనది.

మా తండ్రిగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన తరువాత చిత్తూరు వైపు నుండి, ఉత్తర ఆర్కాటు నుండి, తెలుగు సీమ నుండి మేస్త్రీల వెంట వచ్చిన వేలాది మందిలో మా ముత్తాత ఒకరు. శివసముద్రము నుండి 1902లో కరెంటు వచ్చినప్పుడు మా తాత పసిబిడ్డ అట. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఆ సంగతి ఈ పత్రిక చదువువారికి మేము చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరము ఏ యింట ఏమి జరిగెనో ఆ యింటివారికి తెలుసు. సెటిల్‌మెంటు సొమ్ము వచ్చినప్పుడు అన్నదమ్ముల మధ్య పడిన గీత, రాక్ బరస్టు అయినప్పుడు గోడలో పడే బీట వంటిది. పైన సున్నము వేసినను లోపల ఉండును.

మా యింట జరిగినది ఇది. మేము నెల్లూరులో ఉద్యోగము చూచుకొన్నాము. అక్కడ ఒక స్థలము బేరమునకు వచ్చినది. నాన్నగారు తనకు వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగము మా చేతిలో పెట్టి, "రెండేండ్లలో పెద్దోడి వాటా వాడికిచ్చెయ్యండి" అన్నారు. మా పెద్దన్న కూడ ఆ గనిలోనే పనిచేసి ఆ దినముననే పని పోగొట్టుకొన్నవాడు. సర్వీసు తక్కువ గనుక అతనికి చేతికి వచ్చినది కొద్ది. అది మొదలుకొని తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరేవాడు. కె.జి.యఫ్. రైలులో నిలబడి నిద్రపోవుట నేర్చుకొన్న తరము అది. రెండేండ్లు గడచినవి. పదేండ్లు గడచినవి. స్థలములో మా ఇల్లు లేచినది. 2013లో నాన్నగారు ప్రభువునందు నిద్రించినారు. అమ్మను మేము నెల్లూరుకు తీసికొని వచ్చినాము. అమ్మను చూచుకొనుచున్నాము గనుక లెక్క సరిపోయినదని మాలో మేము అనుకొన్నాము. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానే ఉన్నది. వ్రాయనిదే ఈ ధ్యానము లేదు.

అన్న ఎన్నడును అడుగలేదు. అడుగనందున మేము ఆ యింటికి పోవుట తగ్గించినాము. అడిగియుంటే ఏదో జవాబు చెప్పి పోవుచుందుము.

2021వ సంవత్సరము వేసవిలో ఎన్ని యిండ్లలో ఏడ్పు విన్నామో మీకు తెలుసు. మా సంఘములో వారము తప్పించి వారము సమాధి కార్యక్రమము. అమ్మకు అప్పటికి ఎనుబది రెండేండ్లు. ఆ భయము గడచిన తరువాత అమ్మ ఒకటే మాట పట్టుకొన్నది. "ఈ క్రిస్మస్‌కు నన్ను పెద్దోడింటికి తీసుకుపోండి. మీ నాయన సమాధి కాడ ఒక్కసారి కూర్చోవాలి." కాదనుటకు మాకు నోరు రాలేదు. చెల్లెలు, ఆమె భర్త కూడ వచ్చెదమన్నారు. అద్దెకు ఒక బండి మాట్లాడి, అమ్మ, మేమిద్దరము, మా పిల్లలిద్దరు, వారిద్దరు కలసి ఏడుగురము గురువారము మధ్యాహ్నము బయలుదేరుటకు సిద్ధపడినాము.

బయలుదేరునప్పటికి నాలుగు దాటినది. సండేస్కూలు పిల్లల నాటకము ముగించి వచ్చుటలో ఆలస్యము మాది. నెల్లూరు నుండి కె.జి.యఫ్.కు మూడు వందల కిలోమీటర్లు. మామూలుగా ఆరేడు గంటల దారి. అయితే ఆ నవంబరులో వచ్చిన వరదలు నెల్లూరు, తిరుపతి ప్రాంతములను ఎట్లు ముంచెత్తినవో జ్ఞాపకముండును. నీళ్ళు కోసిన చోటనెల్ల మట్టి, కంకర పోసి ఉంచినారు. బండి ఎద్దులబండి నడకకు వచ్చినది. నాయుడుపేట దాటగానే చిన్నవాడు వాంతి చేసికొన్నాడు. అరిసెల డబ్బా ఒరిగి నెయ్యి అంతయు బట్టల సంచిమీద కారినది. అమ్మ కాళ్ళు వాచినవి. చాపుకొనుటకు చోటు లేదు. తిరుపతి చేరునప్పటికి ఎనిమిది. చిత్తూరులో భోజనము చేసి ఘాటు మొదటికి వచ్చునప్పటికి పది దాటినది. అక్కడనుండి చలి. పల్లపు సీమలో ఉన్న మాకు కోలారు సీమ డిసెంబరు చలి సంగతి మరపునకు వచ్చినది. రగ్గులన్నియు సామాను అడుగున పెట్టినాము.

మొగిలి ఘాటు ఎక్కుచుండగా ముందర లారీలు వరుసగా ఆగిపోయినవి. పైన మలుపులో బరువు లారీ ఒకటి అడ్డముగా నిలిచిపోయినదట. వెనుకకు పోవుటకు లేదు, ముందుకు పోవుటకు లేదు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. ఏనుగులు దాటు చోటు అని దారి పొడవున బోర్డులు. మంచు దిగుచున్నది. ఫోనులో సిగ్నలు లేదు. అన్నకు పది గంటలకల్లా వచ్చెదమని చెప్పియున్నాము.

తగవు చాలా చిన్న దానితో మొదలైనది. పన్నెండు గంటలకు బయలుదేరియుంటే ఈపాటికి ఇల్లు చేరియుందుమని చెల్లెలు అన్నది. ఆ మాట నిజమే. నిజము గనుక మాకు కోపము వచ్చినది. దేవుని పని ముగించుకొని రావద్దా అన్నాము. ప్రియులారా, ఇంట్లో మన తప్పు బయటపడినప్పుడు దేవుని పనిని అడ్డము పెట్టుకొనుట మనకందరికి అలవాటే. అప్పుడు చెల్లెలు అన్నది:

"ఆలస్యం మీకు కొత్త కాదు గదా. నాయన రెండేండ్లు అన్నాడు. మీరు ఇరవయ్యేండ్లు చేసినారు."

ఇరువది సంవత్సరములుగా ఎవరును పలుకని మాట అది. బండిలో అందరికి తెలిసిన మాట. మేము ఊరకుండలేదు. "ఎనిమిదేండ్లుగా అమ్మను ఎవరు చూస్తున్నారు? నెలకు మందులకెంత? పోయిన సంవత్సరం ఆసుపత్రిలో ఎంత కట్టినాము? ఎవరైనా ఒక రూపాయి పంపినారా?" అని ఒక్కొక్క అంకె చెప్పుకొంటూ పోయినాము. ఆ అంకెలు మా నోట అంత తడుముకొనకుండ వచ్చుట చూచి మాకే ఆశ్చర్యమైనది. అన్ని సంవత్సరములు వాటిని మనస్సులో కూడుచునే ఉన్నామన్నమాట. చెల్లెలి భర్త మెల్లగా ఏదో అనబోయెను. ఇది మా యింటి సంగతి అని అతని నోరు మూయించినాము. డ్రైవరు బండి దిగి దూరముగా వెళ్ళి నిలబడినాడు.

అమ్మ నిద్రపోవుచున్నదని అనుకొన్నాము. వెనుకనుండి మెల్లగా అడిగినది.

"ఆ లెక్కలో నన్ను ఎక్కడ రాసుకున్నారు నాయనా? ఇచ్చినదాంట్లోనా, పుచ్చుకున్నదాంట్లోనా?"

ఎవరమును మాట్లాడలేదు. పిల్లలు కూడ మాట్లాడలేదు.

లారీని తొలగించునప్పటికి పదకొండున్నర దాటినది. పలమనేరులో ఒక టీ అంగడి తెరచియుండగా అమ్మ బండి ఆపమన్నది. దిగి బల్లమీద కూర్చొని వేడినీళ్ళు అడిగినది. అప్పుడు మమ్మును ఇద్దరిని ఎదుట నిలువబెట్టి అన్న మాట ఇది: "వాడు లేని చోట వాడి లెక్క మీరెట్లా తేలుస్తారు? పోయినాక వాడి ముందర కూర్చొని మాట్లాడండి. దారిలో వద్దు." తరువాత, అక్కడనే, ఆ టీ అంగడి ముందరనే, ప్రార్థన చేయమన్నది. మాకు నోరు రాలేదు. అమ్మయే చేసినది.

మా అమ్మ రెండవ తరగతికంటె ఎక్కువ చదువలేదు. అయినను యోసేపు మాటకు ఆమె చెప్పిన అర్థము మేము చదివిన ఏ వ్యాఖ్యానములోను చూడలేదు. దారిలోని తగవు ఎందుకు తప్పు? కోపము తప్పు గనుక అని మేము ప్రసంగించియుంటిమి. దానికంటె లోతైన సంగతి ఉన్నది. యోసేపు అన్నలు బండిలో న్యాయసభ పెట్టుకొందురు. అందులో రూబేను ఉండును, యూదా ఉండును, సాక్షులుందురు, ముద్దాయిలుందురు. నష్టపోయినవాడు మాత్రము ఉండడు. అతడు ఐగుప్తులో ఉన్నాడు. అతడు అప్పటికే వారిని ముద్దుపెట్టుకొని ఏడ్చియున్నాడు. అతడు కొట్టివేసిన లెక్కను వారు అతని వెనుక మరల తెరచి, ఎవరి వంతు ఎంత అని పంచుకొనబోవుచున్నారు. ఎవరికి అపకారము చేసితిమో అతనిని విడిచి, మనలో మనము తప్పును పంచుకొనుట సుళువు. ఒకరిమీద ఒకరము వేసికొంటే ప్రతివాని వంతు కొంచెము తగ్గును. అతని ముఖము ఎదుట నిలిచి, అన్నా, తప్పు మాది అనుట సుళువు కాదు.

ఆ అన్నలు దారిలో తగవు పడిరో లేదో గాని, లెక్కను మాత్రము మనస్సులోనుండి తీసివేయలేదు. యాకోబు ఐగుప్తులో పదునేడేండ్లు బ్రదికి మృతిపొందగానే, యోసేపు ఇప్పుడు మనమీద పగ తీర్చుకొనునేమో అని భయపడి వర్తమానము పంపిరి (50:15-17). పదునేడు సంవత్సరములు అతని ధాన్యము తిని, అతడిచ్చిన దేశములో కాపురముండి, ఒక్క దినమైనను అతనిని నమ్మలేదు. ఆ వర్తమానము విని యోసేపు ఏడ్చెనని వ్రాయబడినది. ఎందుకు ఏడ్చెనో ఇప్పుడు మాకు కొంత తెలుసు. ఎనిమిదేండ్లు ఒక్క మాటయైనను అడుగని అన్నను చూచి మేము తప్పించుకొని తిరిగినాము గదా.

ఇంకొక సంగతి. బండి ఎక్కిన యాకోబుకు నూట ముప్పది ఏండ్లు. కుమారుల మాట ఆయన మొదట నమ్మలేదు. బండ్లను చూచిన తరువాతనే ఆయన ప్రాణము తెప్పరిల్లెను (45:27). ముసలివారికి మన మాటలు చాలవు, బండి కావలెను. ఆయన దారిలో బెయేర్షెబా యొద్ద ఆగి బలులర్పించెను (46:1). కనాను దేశపు దక్షిణపు అంచున ఉన్న ఊరు అది. అక్కడ దేవుడు ఆయనతో, భయపడవద్దు, నేనును నీతో కూడ వచ్చెదనని మాట ఇచ్చెను. పలమనేరు కూడ మన రాష్ట్రపు అంచు ఊరే. అమ్మ చేసిన ప్రార్థన మేము ఇక్కడ వ్రాయము. అందులో పెద్దకుమారుని పేరు ఎన్నిసార్లు వచ్చెనో అన్నిసార్లు మా పేరును వచ్చినది. అది చాలును.

దారిలో ఆగి ప్రార్థించుట మన తెలుగు బాప్తిస్టులకు పితరులు నేర్పిన పనియే. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు, ఫలము లేదని తెలుగు మిషనును మూసివేయుదమా అని యోచించిరి. నెల్లూరులో ఉన్న జూయెట్ దొరగారు, దొరసానిగారు, నెల్లూరు జూలియమ్మ, మరి ఇద్దరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు వరకు పోయి, 1854 జనవరి 1న తెల్లవారకముందే కొండ ఎక్కి ప్రార్థించిరి. ఫలము లేకపోవుటకు తప్పెవరిదని లెక్క వేయుటకు వారికి కావలసినంత కారణముండెను. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని మాత్రము అడిగిరి. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. ఒంగోలు బాప్తిస్టులందరు ఆ కొండను ప్రార్థన కొండ అనియే పిలుతురు.

మా ప్రయాణమునకు వత్తము. నంగిలి దాటి ముళబాగిలు చేరువరకు మంచు తెరలు తెరలుగా ఉండెను. డ్రైవరు తల బయట పెట్టి తెల్లగీత చూచుకొంటూ నడిపినాడు. ముళబాగిలు నుండి ఎడమకు తిరిగి బేతమంగల దారి పట్టినాము. కె.జి.యఫ్.కు త్రాగునీళ్ళు ఇచ్చిన చెరువు ఉన్న ఊరు అది. అమ్మ చిన్నప్పుడు బేత్లెహేము అంటే బేతమంగల ప్రక్క ఊరనియే అనుకొనేదట. సండేస్కూలులో, మా నాయన నిన్ననే ఆ ఊరికి పోయొచ్చినాడని లేచి చెప్పినదట. ఆ రాత్రి ఘాటు దిగిన తరువాత... కాదు, ఎక్కిన తరువాత, మొట్టమొదట బండిలో నవ్వు వినబడినది ఆ కథకే.

బేతమంగల చెరువు యొద్ద ఎవరో టార్చి ఊపుచున్నారు. రాత్రి ఒకటిన్నర. డ్రైవరు ఆపుటకు వెనుదీసెను. అమ్మ మాత్రము దూరమునుండియే గుర్తుపట్టినది. స్కూటరు ప్రక్కన, తలకు మఫ్లరు చుట్టుకొని, మా పెద్దన్న. పది గంటలనుండి అక్కడనే ఉన్నాడు. మంచులో మలుపు తప్పిపోయెదమని వచ్చినాడట. చేతిలో ఫ్లాస్కు, ఒక రగ్గు. మేము దిగి ఏదో అనబోయినాము. అతడు వినలేదు. బండి వెనుక తలుపు తీసి అమ్మ పాదములు పట్టుకొని చూచి, "అమ్మ కాళ్ళు చల్లబడిపోయినాయి, ముందు రగ్గు కప్పండి" అన్నాడు. తరువాత స్కూటరు ఎక్కి ముందు నడిచినాడు. మిగిలిన దారి అంతయు మంచులో ఆ స్కూటరు వెనుక ఎర్రదీపము చూచుకొంటూ పోయినాము.

ఆ యిల్లు మీరెరిగినదే. లైన్లలో కంపెనీ యిల్లు. ఒక గది, ఒక వంటచోటు, ముందర చిన్న వసారా. గనులు మూతపడినను ఎన్నో కుటుంబములు ఆ యిండ్లలోనే ఉండిపోయినవి. వెనుకకు పోతే సైనైడు దిబ్బ. గాలి వీచినప్పుడు వదిన గిన్నెలన్నియు బోర్లించి పెట్టవలెను. మేము ఏడుగురము, వారు నలుగురు. వదిన గదిలో చాపలు, దుప్పట్లు పరచి సిద్ధముగా ఉంచినది. వారు నలుగురు ఎక్కడ పడుకొందురని అడుగగా, ప్రక్కింటి తమిళ కుటుంబము వారు వారికి చోటు ఇచ్చినారని తెలిసినది.

ఇక్కడ లూకా సువార్త 2వ అధ్యాయములోని ఒక మాట చూడవలెను. మన తెలుగు బైబిలులో సత్రములో స్థలము లేదని ఉన్నది. దానినిబట్టి క్రిస్మస్ నాటకములలో మనము ఒక కఠినుడైన సత్రపు యజమానిని నిలువబెట్టి, తలుపు వేయించుచుందుము. ఆ సాయంకాలము నెల్లూరులో మేము చేయించిన నాటకములోను ఉన్నాడు. లూకా వ్రాతలో అట్టివాడు ఎక్కడను లేడు. మంచి సమరయుని ఉపమానములో గాయపడినవానిని చేర్చిన పూటకూళ్ళ యింటికి లూకా వాడిన గ్రీకు మాట వేరు. బేత్లెహేములో వాడిన మాట వేరు. ఈ రెండవ మాటనే 22వ అధ్యాయములో, ప్రభువు శిష్యులతో పస్కా భుజించిన గదికి వాడెను. అక్కడ మన తెలుగు బైబిలు దానిని విడిది గది అని తర్జుమా చేసినది. అంటే యింటిలో చుట్టములకు ఉంచిన గది. నజరేతు నుండి నూట ముప్పది కిలోమీటర్లు నడచి యోసేపు చేరినది దావీదు ఊరు, తన వంశపువారి ఊరు. జనసంఖ్యకని వచ్చిన చుట్టములతో ఆ విడిది గది నిండియుండవచ్చునని, పశువులను కట్టు చోటే ఆ యింటిలో మిగిలియుండవచ్చునని చెప్పు పండితులున్నారు. ఆ అర్థమే సరియైనదని మేము వాదింపము. కాని ఆ రాత్రి వదిన పరచిన చాపమీద పడుకొని పైకప్పు చూచుచుండగా, మా మనస్సుకు ఆ అర్థమే పట్టినది.

స్థిరపడిన మన సంఘస్థులతో ఒక మాట చెప్పవలెను. మనకు దేవుడు ఇప్పుడు మూడేసి గదుల యిండ్లు ఇచ్చెను. చుట్టములు వచ్చెదమంటే లాడ్జి బుక్ చేయుదమా అని అడుగుచున్నాము. వారికి సౌకర్యమని అందుము. మేమును నెల్లూరులో ఆ పని చేసినవారమే. 2016లో అన్న కుమారుడు పరీక్షకు వచ్చినప్పుడు, ఇంటికి రంగులు వేయించుచున్నామని చెప్పి బస్టాండు దగ్గర గది చూపించినాము. రంగులు వేయించుచుండుట నిజమే. ఒక గదిలో మాత్రమే.

24న ఉదయము అమ్మను సమాధుల తోటకు తీసికొని పోయినాము. గంటసేపు కూర్చున్నది. ఏమియు మాట్లాడలేదు. 25న ఆరాధన బాగుగా జరిగినది. ఆ రెండు దినములు లెక్క మాట ఎవరును ఎత్తలేదు. 26 సాయంకాలము, బయలుదేరుటకు ముందు, మేము అన్న యెదుట కూర్చున్నాము. చెల్లెలు కూడ కూర్చున్నది. అమ్మ మంచముమీద ఉన్నది. నాన్న ఇచ్చినది ఎంతయో, అందులో అతని వాటా ఎంతయో, ఇయ్యకుండుట మా తప్పు అనియు చెప్పినాము. ఘాటులో అంకెలు ఎంత వేగముగా వచ్చినవో, ఇక్కడ అంత మెల్లగా వచ్చినవి. అన్న చాలసేపు నేల చూచుచుండెను. చివరకు, "నాకు కోపం లేదని చెప్తే అబద్ధం. ఉండింది. రైల్లో నిలబడి పోయేటప్పుడు ఉండేది. ఇప్పుడు ఎంతుందో నాకే తెలియదు" అన్నాడు. క్షమించినాననలేదు. మేము అడుగలేదు. వదిన లోపలికి పోయి మా దారికి పులిహోర కట్టినది.

2022 మే నెలలో స్థలము ఇప్పటి వెల ప్రకారము లెక్క వేసి, అప్పు చేసి, అతని వాటాలో మొదటి భాగము పంపినాము. నెల తిరుగకముందే దానిలో సగము తిరిగి వచ్చినది. అమ్మ మందుల ఖర్చులో తన వంతు అని వ్రాసినాడు. మేము మరల పంపినాము. అతడు మరల తగ్గించి పంపినాడు. ఇట్లు ఇప్పటికి నాలుగుసార్లు అయినది. అమ్మకు ఈ సంగతి చెప్పినాము. ఆమె విని, "అయితే ఇంకా తెగలేదన్నమాట" అని ప్రక్కకు తిరిగి పడుకొన్నది.

ఈ సంవత్సరము కూడ డిసెంబరు 23న బయలుదేరుచున్నాము. ఈసారి ఉదయము ఆరు గంటలకే. రగ్గులు సామానుకు పైన పెట్టుచున్నాము. పగలే చేరెదము గనుక బేతమంగలకు రావద్దని అన్నకు ఫోను చేసి చెప్పినాము. సరే అన్నాడు. వచ్చును.